రెండు నెట్ లైన్లున్నా ఫైలు వేగంగా వెళ్లడం లేదా? లోడ్ బ్యాలెన్సింగ్, బాండింగ్, ఎంపీటీసీపీలలో మీకు ఏది పనికొస్తుంది

రాజమండ్రి చుట్టుపక్కల స్టూడియోలకి, చిన్న ఆఫీసులకి నెట్‌వర్కులు పెట్టడం నా పని. పోయిన మాఘమాసంలో, పెళ్లిళ్ల హడావిడి మధ్యలో, వీడియోలు తీసే ఒకాయన ఫోన్ చేశారు. "ఏవండీ, రెండు కంపెనీల దగ్గర రెండు ఫైబర్ లైన్లు తీసుకున్నానండి. రెండూ తగిలించే రూటరు కూడా కొన్నానండి. ఫైలు మాత్రం ఎప్పటిలాగే పాకుతోందండి" అన్నారు.

వెళ్లి చూశాను. ఒక పెళ్లి ఫుటేజీ మొత్తం 180 జీబీ, ఒకే జిప్ ఫైలుగా కట్టి, హైదరాబాదులో ఉన్న ఎడిటరుకి క్లౌడ్ ద్వారా పంపుతున్నారు. రూటరు ముందు కూర్చుని రెండు నిమిషాలు లైట్లు చూస్తే సంగతి అర్థమైపోయింది. మొదటి లైను లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. రెండో లైను లైటు అప్పుడొకసారి, ఇప్పుడొకసారి మినుకుమంటోంది. రెండో లైనుకి కట్టే డబ్బంతా ఆ మినుకుకే వెళ్తోంది.

ఆయన రూటరు పాడవలేదు, నెట్ కంపెనీ మోసం చెయ్యలేదు. ఆయనకి కావలసింది ఒకటి, కొన్నది ఇంకొకటి. ఈ పొరపాటు నేను తరచుగా చూస్తుంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక్క లారీ రెండు బ్రిడ్జిల మీద వెళ్లదు

మా ఊరి నుంచి గోదావరి దాటి కొవ్వూరు వెళ్లడానికి పాత రోడ్డు కం రైలు బ్రిడ్జి ఉంది, ఎగువన గామన్ బ్రిడ్జి ఉంది. పది లారీలు పంపాలనుకోండి, ఐదు ఇటు, ఐదు అటు పంపితే సగం సమయంలో పని అయిపోతుంది. ఉన్నది ఒకటే లారీ అయితే? ఎన్ని బ్రిడ్జిలున్నా అది ఒక బ్రిడ్జి మీదే వెళ్తుంది.

నెట్‌లో లారీ అంటే ఒక టీసీపీ కనెక్షను. రెండు కంప్యూటర్లు డేటాని వరస తప్పకుండా పంపుకునే పద్ధతే టీసీపీ. మామూలు టీసీపీ కనెక్షనుకి ఈ చివర ఒక ఐపీ అడ్రసు, ఒక పోర్టు (కనెక్షనుని గుర్తుపట్టే నంబరు), ఆ చివర ఒక ఐపీ అడ్రసు, ఒక పోర్టు ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది మారినా అవతలి సర్వరు దృష్టిలో అది వేరే కనెక్షనే. మీ రెండు లైన్లకి రెండు వేరు వేరు ఐపీ అడ్రసులు. కాబట్టి ఒక కనెక్షను మధ్యలో సగం ఇటు, సగం అటు వెళ్లడం కుదరదు. ఇది రూటరు లోపం కాదు, టీసీపీ తీరే అంత.

అందుకని ఏ పద్ధతి కొనాలన్నా ముందు ఒకటి తేల్చుకోండి: మీ పని ఒక పెద్ద లారీయా, చాలా చిన్న లారీలా? పెద్ద లారీ అయితే దాన్ని మీరే చిన్న లారీలుగా విడగొట్టగలరా? నా దగ్గరకొచ్చే వాళ్లలో ఎక్కువమందికి రెండో ప్రశ్న దగ్గరే, పైసా ఖర్చు లేకుండా, పని అయిపోతుంది.

ఉన్న ఒక్క లైనైనా నిండుతోందా?

రెండో లైను ఆలోచనకి ముందు మొదటిది చూసుకోండి. టీసీపీ కొంత డేటా పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగుతుంది. ఆ కబురు రావడానికి పట్టే సమయం ఎక్కువైతే లైను ఖాళీగా పడి ఉంటుంది. ఇక్కడి నుంచి అమెరికా సర్వరుకి ప్యాకెట్టు (డేటా ముక్క) వెళ్లి రావడానికి 250 మిల్లీసెకన్లు అనుకోండి. 90 ఎంబీపీఎస్ (సెకనుకి 90 మెగాబిట్లు, అంటే సుమారు 11 ఎంబీ) లైను నిండాలంటే ఏ క్షణంలోనైనా దాదాపు 2.8 ఎంబీ డేటా దారిలో ఉండాలి. పాత పరికరమో, పాత సాఫ్ట్‌వేరో 64 కేబీ దగ్గరే ఆగిపోతే, మీరు 90 లైను తీసుకున్నా, 900 తీసుకున్నా వేగం 2 ఎంబీపీఎస్ దాటదు. ఇలాంటి చోట రెండో లైను డబ్బు దండగ. ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచే సాఫ్ట్‌వేరు వాడితే ఉన్న లైనే నిండుతుంది.

ఫెయిలోవర్

ఒక లైను పోతే రెండోది అందుకోవడం, అంతే. వేగం పెరగదు. బిల్లింగు ఆగకూడదనుకునే షాపుకి, క్లినిక్కుకి ఇది చాలు, ఇంతకన్నా ఎక్కువ కొనొద్దు. ఒక్క జాగ్రత్త: లైను బతికుందో లేదో చూడటానికి రూటరు తన పక్కనే ఉన్న మోడెమ్‌ని పింగ్ చేస్తే (ఉన్నావా అని పలకరిస్తే) లాభం లేదు. నాలుగు వీధుల అవతల కేబులు తెగినా మోడెమ్ బదులిస్తూనే ఉంటుంది. బయట ఉన్న రెండు అడ్రసులు, 8.8.8.8, 1.1.1.1 లాంటివి, పెట్టండి.

లోడ్ బ్యాలెన్సింగ్: ఎక్కువమందికి ఇదే సరిపోతుంది

కొత్త కనెక్షను మొదలైనప్పుడల్లా రూటరు దాన్ని ఏదో ఒక లైనుకి అప్పగిస్తుంది. అవతల సర్వరు ఏదీ అక్కర్లేదు, నెల నెలా అదనపు చందా లేదు. రెండు వాన్ పోర్టులున్న (బయటి లైను తగిలించే చోట్లు రెండున్న) రూటర్లు చాలావరకు ఈ పని చేస్తాయి. మైక్రోటిక్ రూటర్లలో, ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ, పీఎఫ్‌సెన్స్ అనే రూటరు సాఫ్ట్‌వేర్లలో కూడా చెయ్యొచ్చు. ఆఫీసులో పదిమంది పనిచేస్తుంటే ఏ సర్దుబాటూ లేకుండానే రెండు లైన్లూ నిండుతాయి.

ఒక్క మనిషి, ఒక్క పెద్ద అప్‌లోడు ఉన్నప్పుడే చిక్కు. మా స్టూడియో ఆయన దగ్గర సరిచేసినవి మూడు.

మొదటిది ఆ జిప్. వీడియో ఫైళ్లు అప్పటికే కుదించి ఉంటాయి, జిప్ కడితే సైజు తగ్గేది పెద్దగా ఏమీ లేదు. పైగా పది లారీలని ఒక్క లారీగా కట్టినట్టవుతుంది. జిప్ మానేసి ఫోల్డరు ఫోల్డరుగానే పంపమన్నాను.

రెండోది బ్రౌజరు. పది ఫైళ్లు ఒకేసారి బ్రౌజరులోకి లాగి పడేస్తే పది కనెక్షన్లు తెరుచుకుంటాయని అందరూ అనుకుంటారు. ఇప్పటి బ్రౌజర్లు హెచ్‌టీటీపీ 2 అనే వెబ్ పద్ధతితో ఒక సైటుకి వెళ్లేవన్నీ ఒకే టీసీపీ కనెక్షనులో కలిపి పంపేస్తాయి. పైకి పది ఫైళ్లు కనిపిస్తాయి గానీ లోపల లారీ ఒకటే. అందుకే ఆర్‌క్లోన్ అనే, క్లౌడ్‌కి ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేరు పెట్టాను. అది మామూలుగానే నాలుగు ఫైళ్లు ఒకేసారి పంపుతుంది, గూగుల్ డ్రైవ్ విషయంలో హెచ్‌టీటీపీ 2 వాడదు, కాబట్టి వేరు వేరు కనెక్షన్లే తెరుస్తుంది. అమెజాన్ ఎస్3 తరహా క్లౌడ్ స్టోరేజీ అయితే ఇంకా మేలు. ఒకే పెద్ద ఫైలుని కూడా ముక్కలు చేసి సమాంతరంగా పంపొచ్చు. ముక్క కనీసం 5 ఎంబీ ఉండాలి, మొత్తం ముక్కలు 10,000 దాటకూడదు. 180 జీబీ ఫైలుకి లెక్క వేస్తే ముక్క 18 ఎంబీకి తగ్గకూడదన్నమాట. ముక్క సైజు చేత్తో పెట్టుకునే సాఫ్ట్‌వేరైతే ఇది మర్చిపోవద్దు, లేకపోతే చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది.

మూడోది దొరకడానికి నాకు గంట పట్టింది. జిప్ తీశాం, ఆర్‌క్లోన్ పెట్టాం, అయినా రెండో లైటు మినుకుమంటూనే ఉంది. రూటరులో ఒక టిక్కు ఉంది. ఒక కంప్యూటరు నుంచి ఒక సర్వరుకి వెళ్లేవన్నీ ఒకే లైనులో పంపమని దానర్థం. పంపే ఐపీ, చేరే ఐపీ ఈ రెండే చూసి దారి నిర్ణయిస్తుంది, పోర్టు నంబరు చూడదు. ఒకే కంప్యూటరు, ఒకే సర్వరు కదా, నాలుగు లారీలూ ఒకే బ్రిడ్జి ఎక్కేశాయి. ఆ టిక్కు తీసేయగానే రెండో లైటు కూడా ఆగకుండా కొట్టుకోవడం మొదలైంది. మైక్రోటిక్ వాడేవాళ్లు కనెక్షన్లని లైన్లకి పంచే పీసీసీ నియమంలో అడ్రసులతో పాటు పోర్టులు కూడా చూసే రకాన్ని ఎంచుకోవాలి, విషయం అదే.

ఆయన మొదటి లైను అప్‌లోడు 90 ఎంబీపీఎస్, రెండోది 45. 180 జీబీకి ఒక్క మొదటి లైనుతో నాలుగున్నర గంటలు. రెండూ కలిస్తే లెక్క ప్రకారం మూడు గంటలు. మాకు మూడుంపావు పట్టింది.

ఆ టిక్కు పెట్టడానికి కారణం కూడా ఉంది, ఊరికే పెట్టలేదు. బ్యాంకు సైట్లు కొన్ని ఒకే లాగిన్‌లో రెండు ఐపీ అడ్రసులు కనిపిస్తే బయటికి తోసేస్తాయి. అందుకని అప్‌లోడు చేసే కంప్యూటరుకి మాత్రం టిక్కు తీసి, బ్యాంకు పనులు చేసే కంప్యూటరుని ఒకే లైనుకి కట్టేయండి. ఇలా కంప్యూటరు వారీగా నియమం రాయలేని రూటరు కొనకండి.

బాండింగ్: ఒక్క లారీనే రెండు బ్రిడ్జిల మీద పంపాలంటే

కొన్ని పనులు విడగొట్టలేం. పెళ్లి లైవ్ అలాంటిదే. ముహూర్తం రాత్రి రెండున్నరకి, అమెరికాలో ఉన్న మేనత్త, పెదనాన్న వాళ్లు స్క్రీను ముందు కూర్చుని ఉంటారు. లైవ్ స్ట్రీము ఒకే కనెక్షను. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో లైను తెగితే లోడ్ బ్యాలెన్సింగ్ రూటరు ఉన్నా స్ట్రీము రెండో లైనులో మళ్లీ మొదటినుంచి కలవాలి, ఆ అర నిమిషం పోయినట్టే. ఇలాంటి చోట బాండింగ్‌కి డబ్బు పెట్టడం న్యాయం.

పనిచేసే తీరు ఇది. లారీలో సరుకుని ఇవతలే చిన్న చిన్న ఆటోల్లోకి సర్దుతారు. ఆటోలు రెండు బ్రిడ్జిల మీదుగా వెళ్తాయి. కొవ్వూరులో ఒక గోదాము ఉంటుంది. అక్కడ సరుకు వరసలో పేర్చి, మళ్లీ లారీకెక్కించి ముందుకు పంపుతారు. ఆ గోదామే అద్దె సర్వరు. గోదాము లేనిదే బాండింగ్ లేదు. "మా రూటరు రెండు లైన్లని కలిపేస్తుంది" అని ఎవరైనా అమ్మకానికి వస్తే, అవతలి చివర ఎవరు కలుపుతారని అడగండి. దానికి జవాబు లేకపోతే వాళ్లు అమ్ముతున్నది లోడ్ బ్యాలెన్సింగే.

స్పీడిఫై లాంటి యాప్ తీసుకుంటే గోదాము వాళ్లదే, మీరు నెలకింతని కడతారు. ల్యాప్‌టాప్‌కి ఫైబరు, ఫోను హాట్‌స్పాట్ తగిలిస్తే చాలు. పెప్‌లింక్ లాంటి కంపెనీల పరికరాలు ఖరీదైనవి, రోజూ లైవ్‌లు చేసేవాళ్లకి తప్ప నేను చెప్పను. ఓపెన్ఎంపీటీసీపీరూటర్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం, సర్వరు మాత్రం మీరే అద్దెకి తీసుకుని నడుపుకోవాలి.

సర్వరు ఎక్కడ తీసుకుంటారన్నది యాప్ కన్నా ముఖ్యం. సింగపూరులో చవగ్గా దొరికిందని తీసుకుంటే, హైదరాబాదుకి వెళ్లే డేటా కూడా సముద్రం దాటి తిరిగొస్తుంది. ముంబై చూడండి, లేదా హైదరాబాదు చూడండి. అమెజాన్ క్లౌడ్ హైదరాబాదు కేంద్రం 2022 నవంబరులో మొదలైంది. ఒక ఖర్చు మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఇలాంటి పెద్ద క్లౌడ్‌లలో లోపలికి వచ్చే డేటాకి డబ్బు ఉండదు, బయటికి వెళ్లే ప్రతి జీబీకీ ఉంటుంది. బాండింగ్ సర్వరు తీసుకున్నదంతా మళ్లీ బయటికి పంపేదే. నెలకి రెండు మూడు టీబీలు పంపే స్టూడియోకి ఆ బిల్లు రెండో లైను అద్దె కన్నా ఎక్కువవుతుంది. నెలకి ఇన్ని టీబీలని ముందే చెప్పే చిన్న అద్దె సర్వరు మేలు.

ఇక లైన్ల మధ్య తేడా. ఫైబరులో ప్యాకెట్టు 30 మిల్లీసెకన్లలో చేరి, 5జీలో 120 పడితే, ముందొచ్చినవి గోదాములో వెనకవాటి కోసం కాచుకోవాలి. 90 ఎంబీపీఎస్ దగ్గర ఆ 90 మిల్లీసెకన్ల తేడాకే దాదాపు 1 ఎంబీ సరుకు నిలవ ఉంటుంది. వరస తప్పిన ప్యాకెట్లు చూసి టీసీపీ, దారిలో పోయాయనుకుని వేగం తగ్గించేస్తుంది. అందుకే 90కి 10 కలిపితే 100 రాదు, ఒక్కోసారి 70 వస్తుంది. ఒకటి బలంగా, ఇంకొకటి బలహీనంగా ఉంటే కలపొద్దు, బలహీనమైనదాన్ని ఫెయిలోవర్‌కి ఉంచండి. సుమారుగా ఒకే తీరులో ఉన్న లైన్లకే బాండింగ్ బాగా కుదురుతుంది.

లైవ్ చేసేవాళ్లకి ఇంకో మాట. చాలా బాండింగ్ యాప్‌లలో రెండు పద్ధతులుంటాయి. వేగం కోసం సరుకు పంచుకోవడం ఒకటి, ఒకే ప్యాకెట్టుని రెండు దారుల్లోనూ పంపడం రెండోది. పెళ్లి లైవ్‌కి 6 ఎంబీపీఎస్ చాలు, మీకు కావలసింది వేగం కాదు, తెగకపోవడం. రెండో పద్ధతి పెట్టండి. డేటా రెట్టింపు ఖర్చవుతుంది, అయినా పెట్టండి.

ఎంపీటీసీపీ: రెండు చివరలూ మీవే అయితే

మల్టీపాత్ టీసీపీ అంటే, ఒకే కనెక్షను అనేక దారుల్లో వెళ్లేలా టీసీపీనే మార్చడం. ప్రయోగాత్మక ప్రమాణంగా 2013లో వచ్చింది, ఇప్పుడు వాడే కూర్పు 2020 మార్చిది. లినక్సు కెర్నెల్లోకి 5.6తో, అదే 2020లో చేరింది. బెల్జియంలోని యూసీలూవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లోనే ఆరు 10 గిగాబిట్ లింకుల మీద ఒకే కనెక్షనుని 50 గిగాబిట్లు దాటించి చూపించారు.

ఆపిల్ కూడా అదే ఏడాది ఐఓఎస్ 7లో, మాట్లాడితే బదులిచ్చే సిరికి దీన్ని పెట్టింది. అక్కడ ఉద్దేశం వేగం కాదు. ఇంట్లోంచి మాట్లాడుతూ వీధిలోకి నడిస్తే వైఫై పోయి మొబైలు డేటా అందుకోవాలి, మధ్యలో మాట తెగకూడదు. దక్షిణ కొరియాలో కేటీ సంస్థ 2015లో ఎల్‌టీఈ, వైఫై కలిపి వేగం పెంచడానికి వాడింది, మధ్యలో ప్రాక్సీ (మధ్యవర్తి) సర్వరు పెట్టుకుని. ప్రాక్సీ ఎందుకంటే, అవతలి సర్వరుకి ఎంపీటీసీపీ రాకపోతే కనెక్షను చప్పుడు చెయ్యకుండా మామూలు టీసీపీకి దిగిపోతుంది. మీకు ఏ తప్పూ కనిపించదు, వేగం మాత్రం పెరగదు.

కాబట్టి క్లౌడ్ డ్రైవ్‌కి పంపేవాళ్లకి ఇది నేరుగా పనికిరాదు. రెండు ఆఫీసులూ మీవే, రెండు చోట్లా లినక్సు యంత్రాలే, రోజూ రాత్రి బ్యాకప్ ఇటునుంచి అటు వెళ్లాలి అంటే నా మొదటి ఎంపిక ఇదే. ప్రోగ్రాములు మార్చనక్కర్లేదు, ఎంపీటీసీపీఐజ్ అనే చిన్న ఆదేశంతో, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌ని ఎంపీటీసీపీ మీద నడపొచ్చు. రెండో లైను అడ్రసుని దారిగా చేర్చడం, ఆ అడ్రసు నుంచి వెళ్లేది ఆ లైనులోనే వెళ్లేలా రూటింగు నియమం రాయడం తప్పనిసరి. ఈ రెండోది మర్చిపోతే రెండు దారులూ ఒకే లైనులోకి వెళ్లి కూర్చుంటాయి.

గదిలోపలి కేబుళ్లు

ఇదే పొరపాటు గదిలోపలా జరుగుతుంది. నాస్‌కి (నెట్‌వర్కులో అందరూ వాడే డిస్కుల పెట్టెకి) రెండు గిగాబిట్ పోర్టులున్నాయని రెండు కేబుళ్లు పెట్టి, వాటిని ఒకటిగా కట్టే ఎల్ఏసీపీ ఆన్ చేస్తారు. కాపీ మాత్రం సెకనుకి 110 ఎంబీ దగ్గరే ఆగుతుంది. ఎల్ఏసీపీ కూడా ఒక్కో కనెక్షనుని ఒక్కో కేబులుకి కట్టేస్తుంది. ఇద్దరు ఎడిటర్లు ఒకేసారి లాగుతుంటే లాభం ఉండొచ్చు, ఒక్కరికైతే ఏమీ లేదు. విండోస్ 8 నుంచి ఉన్న, ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ మల్టీఛానెల్ పద్ధతి ఒక్కరికి కూడా రెండు కేబుళ్లూ వాడుతుంది, కంప్యూటరుకి కూడా రెండు పోర్టులుండాలి. నన్నడిగితే రెండూ వద్దు. 2.5 గిగాబిట్ కార్డు, స్విచ్చి పెట్టండి. గోడల్లో ఉన్న క్యాట్ 5ఈ కేబులే సరిపోతుంది. నాస్‌లో ఉన్నది ఒక్క హార్డ్ డిస్కే అయితే మాత్రం ముందు డిస్కు సంగతి చూడండి, అది అంత వేగం ఇవ్వదు.

రెండు దారులు నిజంగా రెండేనా?

రెండు కంపెనీల పేర్లున్నంత మాత్రాన రెండు దారులు కావు. మీ మేడ మీదికి వచ్చే రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీంచి వస్తుంటే, కాలవ తవ్వే జేసీబీ రెండిటినీ ఒకేసారి తెంపుతుంది. బయటికెళ్లి వైర్లు ఎటునుంచి వస్తున్నాయో కళ్లతో చూడండి. తర్వాత ఒక్కో లైను మీద ట్రేస్‌రూట్ (డేటా ఏ ఏ మెట్లు దాటి వెళ్తుందో చూపే ఆదేశం) కొట్టండి, మూడో నాలుగో మెట్టులోనే ఒకే అడ్రసు కనిపిస్తే ఇద్దరూ ఒకరి దగ్గరే కొంటున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు స్తంభాలతో పాటు వాటి మీద వైర్లన్నీ పడిపోయాయి. అది చూసినవాళ్లు ఒక ఫైబరు, ఒక గాలిలో వచ్చే లైను పెట్టుకోమంటే వెంటనే ఒప్పుకుంటారు. ఫైబరు మోడెమ్‌కి చిన్న బ్యాటరీ కూడా పెట్టండి.

రెండు లైన్లూ చాలని రోజులుంటాయి. 2 టీబీ ఫుటేజీ, 135 ఎంబీపీఎస్ మీద 33 గంటలు. అదే డిస్కుని రాత్రి హైదరాబాదు బస్సులో పార్సిల్ వేస్తే తెల్లారేసరికి చేరుతుంది. తొమ్మిది గంటలనుకున్నా దాదాపు 490 ఎంబీపీఎస్ లైనుతో సమానం. కాపీ ఒకటి దగ్గర ఉంచుకుని, డిస్కుకి పాస్‌వర్డ్ పెట్టి పంపండి.

డబ్బు కట్టేముందు పరీక్ష

ఒక్కో లైనుని విడిగా, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి కొలవండి. స్పీడ్ టెస్ట్ సైటు నమ్మొద్దు, అది ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి కొలుస్తుంది కాబట్టి లోడ్ బ్యాలెన్సింగ్‌లోనూ రెండు లైన్ల మొత్తం చూపిస్తుంది. మీరు రోజూ పంపే ఫైలునే, మీరు పంపే చోటికే పంపి గడియారం చూడండి. తర్వాత రెండూ తగిలించి మళ్లీ పంపండి. సగం అయ్యాక మొదటి లైను కేబులు లాగేయండి. అప్‌లోడు ఆగి మళ్లీ మొదలైతే మీ దగ్గరున్నది లోడ్ బ్యాలెన్సింగ్. ఆగకుండా నెమ్మదించి, కేబులు మళ్లీ పెట్టగానే పుంజుకుంటే బాండింగో, ఎంపీటీసీపీయో నిజంగానే పనిచేస్తోంది. యాప్‌లు చాలావరకు కొన్నాళ్లు ఉచితంగా వాడనిస్తాయి, ఆ రోజుల్లోనే ఈ కేబులు లాగే పని చేసెయ్యండి.